ఈ-మెయిలు ఉపచిరునామా

ఈ-మెయిలు చిరునామాలో వాడుకరిపేరు తరువాత '+' గుర్తును, దాని పక్కన ఒక పదాన్ని చేర్చగా ఏర్పడే చిరునామాను ఉపచిరునామా అంటారు. ఇలా చేర్చిన పదమే ట్యాగు. ఉదాహరణకు, రాము@ఉదాహరణ.కామ్ అనే చిరునామా గల వ్యక్తి ఒక పత్రికకు చందాదారుగా చేరేటపుడు రాము+పత్రిక@ఉదాహరణ.కామ్ అని ఇవ్వవచ్చు. సర్వరులో ఈ సౌకర్యం ఉంటే, ఆ ఉత్తరాలు పాత ఖాతాకే చేరుతాయి; కొత్త ఖాతా తెరవనక్కరలేదు.

నేపథ్యం

2004 ఏప్రిల్ 1న మొదలైన జీమెయిల్‌లో ఈ సౌకర్యం ఉంది. సీవ్ అనే వడపోత భాషలో ఉపచిరునామాలను గుర్తించే పద్ధతిని 2008 జనవరిలో వెలువడిన ఆర్ఎఫ్‌సి 5233 వివరిస్తుంది. విడదీసే గుర్తు అన్నిచోట్లా ఒకటి కాదు. క్యూమెయిల్ సర్వరులో సాధారణంగా '-' గుర్తును వాడతారు.

ఉపయోగాలు

* థండర్‌బర్డ్ వంటి మెయిలు సాఫ్టువేరులో, గ్రహీత చిరునామాలోని ట్యాగును బట్టి ఉత్తరాలను వేర్వేరు ఫోల్డర్లలోకి పంపే ఫిల్టరును ఏర్పరచుకోవచ్చు.
* ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క ట్యాగు ఇస్తే, అవాంఛిత ఉత్తరాలు వచ్చినపుడు ఏ సంస్థకు ఇచ్చిన చిరునామా ఇతరులకు చేరిందో ఊహించవచ్చు.
* ఆ ట్యాగుతో వచ్చే ఉత్తరాలన్నిటినీ ఒకే ఫిల్టరుతో చెత్తబుట్టకు పంపవచ్చు.

పరిమితులు

కొన్ని వెబ్‌సైట్లు '+' గుర్తున్న చిరునామాను తిరస్కరిస్తాయి. వెబ్ ఫారాల సంకేత పద్ధతిలో '+' అంటే ఖాళీ స్థలం కనుక, జాగ్రత్తగా రాయని ప్రోగ్రాములలో చిరునామా చెడిపోతుంది. చందా రద్దు చేసుకునేటపుడు, చేరినపుడు ఇచ్చిన ట్యాగుతో సహా పూర్తి చిరునామాను తెలపవలసి రావచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా, ట్యాగును తొలగిస్తే అసలు చిరునామా ఎవరికైనా తెలిసిపోతుంది. కాబట్టి ఇది ఉత్తరాలను వర్గీకరించే సాధనమే గాని, చిరునామాను దాచే మార్గం కాదు.