అల్ జజరీ బొమ్మ చేయి, నేటి యంత్రహస్తం

‘రోబోలకు మూలపురుషుడు అల్ జజరీ’ అనే మాట మన సభలలో తరచుగా వినిపిస్తుంది. పూర్వీకుల ఘనతను స్మరించుకోవడం మంచిదే. అయితే ఆ ఘనత ఏపాటిదో, ఎక్కడుందో తెలిసి చెప్పడం చరిత్ర మనకప్పగించిన అమానత్.

ఇస్మాయీల్ అల్ జజరీ టైగ్రిస్ తీరాన ఆమిద్ నగరంలో, అనగా నేటి తుర్కియేలోని దియార్‌బకిర్‌లో, అర్తుఖీ పాలకుల కొలువులో ఉన్న యంత్రశిల్పి. క్రీ.శ. 1206లో ఆయన ముగించిన అరబ్బీ గ్రంథం 50 యంత్రాల నిర్మాణాన్ని పటాలతో సహా వివరిస్తుంది. గ్రంథనామంలోని ‘హియల్’ అనే పదాన్ని ‘యంత్రాలు’ అని అనువదిస్తే సగం అర్థమే అందుతుంది. అది ‘హీలా’కు బహువచనం, హీలా అంటే ఉపాయం.

ఆయన చేసిన నెమలి పళ్లేన్నే చూడండి. నెమలి ముక్కునుండి నీరు జారుతుంది. చేతులు కడిగిన నీరు అడుగు తొట్టిలో చేరగానే ఒక తేలుడు బిళ్ల పైకి లేచి, తలుపు చాటునున్న సేవకుని బొమ్మను ముందుకు తెస్తుంది. అది సబ్బు అందిస్తుంది. నీరు మరికొంత పెరిగితే రెండో బొమ్మ తువాలుతో వస్తుంది. ఉపాయమంతా నీటిమట్టంలో ఉంది, చేతిలో లేదు. తువాలు ఎప్పుడు అందించాలో ఆ బొమ్మకు తెలుసు. చేతిలో తువాలు ఉందో లేదో తెలియదు.

ఈ లోపం ఏడున్నర శతాబ్దాల తరువాత కూడా తీరలేదు. 1961లో అమెరికాలోని న్యూజెర్సీలో, జనరల్ మోటార్స్ కర్మాగారంలో ప్రవేశించిన ‘యూనిమేట్’ వేడి లోహపు పోతలను తీసి పెట్టేది. వస్తువు, చోటు మారనంతవరకు పట్టుకారు వంటి దాని చేయి సరిపోయింది. 1980ల ఆరంభంలో కెన్నెత్ సాలిస్‌బరీ మూడు వేళ్లు, తొమ్మిది కీళ్లు గల చేతిని రూపొందించారు. వేళ్లను లాగే తీగల బిగువును కొలిచి, పట్టు ఎంత బలంగా ఉందో గ్రహించడం అందులోని విశేషం. 2019లో ఓపెన్ఏఐ సంస్థ ఐదువేళ్ల యంత్రహస్తంతో రూబిక్ ఘనాన్ని పరిష్కరింపజేసింది. మిక్కిలి చిక్కుపడిన ఘనాల విషయంలో మాత్రం అది సుమారు అయిదింట ఒకసారే నెగ్గింది.

కాబట్టి స్పర్శ నెరిగిన చేతిని అల్ జజరీకి అంటగట్టనక్కరలేదు. ఆయన అసలు ఘనత వేరు. ఆచరణలో పరీక్షించని విద్యను ఆయన నమ్మలేదు. తాను చేసి చూసినదానిని, మరొకరు మళ్లీ చేయగలిగేలా కొలతలతో రాశారు. డొనాల్డ్ హిల్ ఆంగ్లానువాదం 1974లో వెలువడింది. 1976లో లండన్ సైన్స్ మ్యూజియం కోసం ఆయన జలగడియారాన్ని ఆ వివరాల ఆధారంగానే తిరిగి నిర్మించారు. పొగడ్తకంటె ఆ పునర్నిర్మాణమే ఆయనకు తగిన గౌరవం.