కడుపులోని బుగులు

ఖలీల్‌వాడి వైద్యశాలల ముంగిట, ఇంటర్మీడియటు పరీక్షలు సమీపించు ఫాల్గుణ దినములలో, స్కానింగు కాగితముల సంచి ఒడిలో నిడుకొని పదునేడేండ్ల కూతురి ప్రక్కన కూర్చున్న బోధను చెరకురైతొకడు, “రిపోర్టులల్ల ఏం లేదంటున్నరు సారూ, మరి పోరికి కడుపుల నొప్పెందుకు లేస్తున్నది?” అని నన్నడిగెను. నేను వైద్యుడను గాను; కాని ఆ ప్రశ్న యెంత పురాతనమో యెరుగుదును.

చరకసంహిత చికిత్సాస్థానము అతిసారమును ఆరు విధములుగ విభజించి, వాత పిత్త కఫ సన్నిపాతజములకు తోడు భయజము, శోకజము అను రెండింటిని వేరుగ పేర్కొని, వానికి వాతహరములైన క్రియలతోబాటు హర్షణమును, ఆశ్వాసనమును, అనగా సంతోషపెట్టుటను, ఊరడించుటను విధించినది. ఓదార్పును ఔషధముల వరుసలో నిలిపిన ఆ చూపు నాకు నేటికిని ఆశ్చర్యకరము. మన నుడియు దీనికి దూరము గాదు: కడుపులో చేయిపెట్టి దేవినట్లున్నదను మాటలో దుఃఖమేది, నొప్పియేది, విడదీయగలవారెవరు?

పడమటి వైద్యులకు కంటితో చూచినగాని నమ్మిక కుదరలేదు. 1822లో తుపాకి దెబ్బ తగిలి పొట్టపై పూడని రంధ్ర మేర్పడిన అలెక్సిస్ సెయింట్ మార్టిన్ జఠరమును ఏండ్లతరబడి పరిశీలించిన వైద్యుడు బోమాంట్, కోపభయములచే దాని లోపొర వన్నె మారుటను 1833లో గ్రంథస్థము చేసెను. పిల్లల వంతు ఆలస్యముగ వచ్చినది. 1958లో బ్రిస్టల్ నగర వైద్యుడు ఆప్లీ, సహచరుడు నైష్‌తో గూడి, వేయిమంది బడిపిల్లలను పరిశీలించి, పదిమందిలో ఒకరికి పైగా ఇట్టి కడుపునొప్పి మాటిమాటికి వచ్చుచున్నదని తేల్చెను. జీర్ణవ్యాధుల నిర్ణయమునకు వాడు రోమ్ ప్రమాణములు, 2016 నాటి కూర్పులో, దీనిని మెదడునకు ప్రేవులకు నడుమనున్న పొత్తులోని వికారముగ గుర్తించినవి: భయము హెచ్చినపుడు ప్రేవుల కదలిక మారును, మామూలుగ తెలియని వాయువు, బిగువు సైతము నొప్పియై తోచును. కాగితములో కనబడనంతమాత్రమున అది బడి యెగవేయు నటన గాదు.

ఆ రైతు ఊరగు బోధనులో 1937లో వెలసిన నిజాం చక్కెర కర్మాగారము నడచినన్నాళ్లు, మార్కులు తగ్గినను అక్కడి శక్కర్‌నగర్‌లోనే బ్రతుకుదెరువు దొరకునను ధీమా కొందరికైన నుండియుండునని నాకు తోచును. 2015 డిసెంబరులో అది మూతపడినది.

“ఫ్యాక్టరీ పాయె. ఇగ ఈమె మార్కులే మాకు దిక్కు” అనుచు ఆయన కాగితములు సంచిలో సర్దుచుండగా, ఆ పిల్ల తల యెత్తక, చున్నీకొంగు ముడిచి పొట్టపై ఒత్తి పట్టుకొనెను.