టర్నర్ అనే పేరు



విశాఖ వెళ్లొచ్చే మన ఊళ్లవాళ్లకు టర్నర్ సత్రం కొత్త కాదు. పూర్ణా మార్కెట్ వైపు దారి చెప్పాలంటే ఇప్పటికీ అదే గుర్తు. 1880లలో ఈ జిల్లాకు కలెక్టరుగా ఉన్న టర్నర్ దొర పేరు అది. అక్కడి నుంచి గాజువాక, సింధియా వైపు వెళ్తే అదే మాట ఇంకోలా వింటాం. "మావాడు టర్నరండి" అంటే, ఐటీఐ చదివి లేత్ మిషన్ మీద ఇనుము తీసే కుర్రాడని.

దొరగారి ఇంటిపేరు, మన కుర్రాడి పని ఒకే మాట కావడం వింత కాదు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిప్పుతూ లక్కబొమ్మలు తీస్తారు కదా, పాతకాలపు ఇంగ్లండులో అలాగే గిన్నెలు, కుర్చీ కాళ్లు తీసేవాణ్ని టర్నర్ అనేవారు. నార్మన్ల ఫ్రెంచి మీదుగా వచ్చిన మాట. మొదట మనిషి పనికి గుర్తుగా ఉన్న ఈ పేరు కొన్ని తరాలకు కుటుంబానికి అతుక్కుంది. కొడుకు ఆ పని చేయకపోయినా పేరు మిగిలింది. సముద్రాన్ని, ఓడల్ని గీసి పేరుపొందిన చిత్రకారుడు టర్నర్ (1775–1851) తండ్రి లండన్‌లో మంగలి. అది ఎవరికీ అడ్డు రాలేదు.

అయితే ఈ పేరు అందరికీ ఇంత తేలికగా రాలేదు. 1831లో అమెరికాలోని వర్జీనియాలో బానిసల తిరుగుబాటు నడిపిన నాట్ టర్నర్ వాక్యం చెప్పే మనిషి. ఆయన పేరులోని టర్నర్ పనిని చెప్పదు, వంశాన్ని చెప్పదు. ఆయన ఏ యజమాని ఆస్తిగా పుట్టాడో చెబుతుంది.

మన దగ్గర సంగతి చూడండి. కమ్మరి, కుమ్మరి, చాకలి, మాదిగ. తాత చేసిన పని మనవడు చేతితో ముట్టకపోయినా ఆ మాట అతణ్ని వదలదు. స్టీల్ ప్లాంటులో ముప్పై ఏళ్లు పనిచేసి వచ్చినా ఊళ్లో పిలుపు మారదు. సంఘం బయట సంగతి సరే, మన సంఘాల్లో పెళ్లి సంబంధం వస్తే మొదటి ప్రశ్న ఏమిటి? బాప్తిస్మం సంగతి తరువాతే కదా! ఐటీఐలో టర్నర్ సీటుకు తండ్రి కమ్మరి కానక్కరలేదు, పదో తరగతి చాలు. ఆ మాత్రం విశాలత మన పెళ్లి చూపుల్లో ఇంకా రాలేదు.

అపొస్తలుల కార్యములు 9, 10 అధ్యాయాలు తీయండి. యొప్పే కూడా మన విశాఖలాగే రేవు పట్నం. అక్కడ పేతురు చాలా రోజులు బస చేసింది తోలు పని చేసే సీమోను ఇంట్లో. చచ్చిన పశువుల తోళ్లు ముట్టే పనిని యూదులు హీనంగా చూసేవారు. లూకా ఆ పనిని దాచలేదు. కొర్నేలీకి ఆ ఇంటి గుర్తు చెప్పేటప్పుడు దేవదూత కూడా రెండే ఆనవాళ్లిచ్చాడు. సీమోను చేసే పని ఒకటి, ఇల్లు సముద్రం పక్కన ఉందన్నది మరొకటి.