వదిలేసిన టేపుల్లోంచి వచ్చిన పాట

పింక్ ఫ్లాయిడ్ పేరెత్తితే మన బరంపురం కుర్రాళ్ళు హుషారవుతారు, పెద్దలు "అదేం గోలర్రా" అంటారు. ఈసారి వాళ్ళ హిట్ ఆల్బమ్‌ల గురించి కాదు, సగంలో వదిలేసిన ఒకదాని గురించి రాస్తున్నాం.

1973 మార్చిలో వచ్చిన 'డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' వాళ్ళకి ప్రపంచమంతా పేరు తెచ్చింది. తర్వాత ఏం చెయ్యాలో తోచలేదు. ఆ ఏడాది చివర్లో లండన్‌లోని అబీ రోడ్ స్టూడియోలో ఒక నియమం పెట్టుకుని కూర్చున్నారు: వాయిద్యం ముట్టకూడదు, ఇంట్లో వస్తువులతోనే సంగీతం చెయ్యాలి. రబ్బరు బ్యాండ్లు సాగదీసి మీటారు. సీసాల్ని తట్టి మోగించారు. గాజు గ్లాసుల్లో నీళ్ళు పోసి, తడివేలితో అంచు రుద్ది స్వరాలు పలికించారు. మన జలతరంగంలో గిన్నెల్ని పుల్లలతో కొడతారు, ఇక్కడ రుద్దారు, అంతే తేడా. ఈ ఆల్బమ్‌కి 'హౌస్‌హోల్డ్ ఆబ్జెక్ట్స్' అని పేరు. వారాల తరబడి కష్టపడితే తేలింది కొద్దిపాటి ముక్కలే. చివరికి విసిగి మానేశారు.

చాలామంది దాన్ని పిచ్చి సరదాగా కొట్టిపారేస్తారు. మేము ఒప్పుకోం. ఎందుకంటే ఆ టేపుల్ని వాళ్ళు పారెయ్యలేదు. 1975లో 'విష్ యూ వర్ హియర్' ఆల్బమ్ మొదలయ్యేది ఆ గ్లాసుల నాదంతోనే. అసలు ముక్కలు రెండు 2011లో బయటికొచ్చాయి. దాచారు కనకే ఈ రోజు వినగలుగుతున్నాం.

ఇప్పుడు మన సంగతి. టేపు రికార్డర్లు లేని రోజుల్లో, అప్పటి గంజాం జిల్లాలోని పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల పాటలూ కథలూ చెవులతో విని, చేత్తో రాసి, పుస్తకాలుగా తెచ్చారు. ఆయన సవర నిఘంటువు 1938లో వచ్చింది. అలాంటి నేల మీద ఉన్న మనం, మన ఇళ్ళలోని క్యాసెట్లని పాత సామాన్లవాడికి ఇచ్చేస్తున్నాం.

ఉగాది కవిసమ్మేళనం, సగంలో ఆగిన నాటకం రిహార్సల్, పెళ్ళిలో అమ్మమ్మ పాడిన మంగళహారతి: ఇవేవీ ఏ కంపెనీ రికార్డు చెయ్యలేదు. ఒడియా మాటలు కలిసిన మన బరంపురం తెలుగు యాస ఉన్నది వాటిలోనే. మన పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు, కానీ విని అర్థం చేసుకుంటారు. వాళ్ళకి మనం ఇవ్వగలిగిన ఆస్తి ఇదే.

సముద్రపు తేమకి టేపుకి బూజు పడుతుంది. బూజు పట్టినదాన్ని ప్లేయర్‌లో పెట్టకండి, తెగిపోతుంది. ఎవరి గొంతు, ఏ ఏడాది, ఏ సందర్భం అన్నది కాగితం మీద రాసి, టేపుతో సహా సంఘానికి తీసుకురండి. బాగా రాలేదని, పూర్తి కాలేదని మొహమాటపడకండి. అవే ముందు కావాలి మాకు.