సుంకపు గేటుకు ఇవతల, అవతల

ఈ ఉత్సవ సంచికకు చరిత్ర గురించి ఏదైనా రాయమని మిత్రులు అడిగారు. మా తాతగారి కాలంలోనే మా కుటుంబం తెలుగు దేశం దాటింది. తెలుగు చదవడం, రాయడం నేను పెద్దయ్యాక సాయంకాలపు తరగతుల్లో నేర్చుకున్నాను. భాషలో లోపాలుంటే పెద్దలు మన్నించాలి. చరిత్ర మాత్రం బడిలో 30 ఏళ్ళు చెప్పాను కనుక దానికి మన్నింపు అడగను.

మన ఫ్రాంక్‌ఫర్ట్ సంతలతో పెరిగిన ఊరు. ఇక్కడివారు సంతను ‘మెస్సె’ అంటారు. ఆ మాట చర్చిలో జరిగే పూజ పేరు నుంచి వచ్చింది. మన తిరునాళ్ళలో గుడి చుట్టూ దుకాణాలు వెలిసినట్టే అనుకోండి. 1240లో చక్రవర్తి రెండవ ఫ్రెడరిక్ ఈ సంతకు వచ్చిపోయే వర్తకులకు దారిలో రక్షణ ప్రకటించాడు. 1330లో వసంతకాలపు సంతకూ అనుమతి దొరికింది. ఊరి ఒడిలో మైన్ నది, దగ్గరలో రైన్. మైంజ్‌కూ ఈ ఊరికీ మధ్య గుర్రాలు లాగే సంతపడవ నడిచేది. ఇన్ని ఉన్నా జర్మనీ అంతా ఒకే బజారు కావడానికి ఎందుకంత కాలం పట్టింది?

ముందు లండన్ సంగతి చూద్దాం. 1700 ప్రాంతంలో అక్కడ 5 లక్షలకు పైగా జనం, అంటే ఇంగ్లండులో సుమారు పదిమందిలో ఒకరు. ఆ ఊరి పొయ్యిలకు బొగ్గు న్యూకాసిల్ నుంచి సముద్రం మీద వచ్చేది. వేల్స్ పశువులు కాలినడకన వచ్చేవి. దూరపు రైతు కూడా లండన్ ధర చూసుకుని వ్యవసాయం చేసేవాడు. ఆకలిగొన్న పెద్ద ఊరు ఉంది, చౌకగా మోసే నీటిదారి ఉంది, ఇంగ్లండు లోపల జిల్లాకూ జిల్లాకూ మధ్య సరిహద్దు సుంకం లేదు.

అప్పటికి ఫ్రాంక్‌ఫర్ట్ జనాభా 30 వేలు దాటలేదు. రైన్ మీద పడవ కదిలితే కొద్ది మైళ్ళకొక ప్రభువు, ప్రభువుకొక గేటు. మైంజ్‌లోనైతే సరుకు దింపి, ముందు ఆ ఊరివారికి అమ్మజూపి, మిగిలింది మళ్ళీ ఎక్కించుకోవాలి. ఆ పాత హక్కు 1831 దాకా పోలేదు. మన పూర్వుల దేశంలోనూ ఇంతే. లంబాడీల ఎద్దుల మందలు కోస్తా ఉప్పును లోపలి ఊళ్ళకు మోసేవి. 1591లో హైదరాబాదు వెలిశాక బందరు రేవు నుంచి ఆ దారి సందడెక్కింది. అయినా దారి పొడుగునా సుంకం చౌకీలు తప్పలేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో దారి సుంకాలను 1844లో గాని ఎత్తివేయలేదు.

ఇక అసలు కథ మన పక్క ఊరిది. 1828లో హెస్సె-డార్మ్‌స్టాట్ ప్రభువు ప్రష్యాతో సుంకాల పొత్తు కుదుర్చుకున్నాడు. ఒఫెన్‌బాఖ్ ఆయన ఏలుబడిలోది. ఫ్రాంక్‌ఫర్ట్ స్వతంత్ర నగరం కనుక గేటుకు అవతల మిగిలిపోయింది. కావాలనే మిగిలింది! ఇంగ్లీషు సరుకు తక్కువ సుంకంతో తెప్పించి అమ్మడం ఇక్కడి షావుకార్లకు బతుకుతెరువు. ప్రష్యా సుంకం వచ్చిపడితే అది పోతుందని వారి భయం. 1832లో ఇంగ్లండుతో విడిగా ఒప్పందం కూడా రాసుకున్నారు. వారిని నేను తెలివితక్కువవారని అనను, వారి లెక్క వారిది. కాని సామాన్యులకు గేట్లంటే ఎంత మంటో 1830లో హానావులో తేలింది. అక్కడి జనం సుంకం కచేరీ మీద పడి ధ్వంసం చేశారు.

ఈలోగా ఒఫెన్‌బాఖ్ 1828లోనే సొంత సంత పెట్టుకుంది. తోళ్ళ వర్తకులు అటు మళ్ళారు. దాదాపు 600 ఏళ్ళ సంత ఉన్న మహానగరం చూస్తూ ఉండగానే బేరం పొరుగున ఉన్న చిన్న ఊరికి నడిచిపోయింది. నది మారలేదు, దారి మారలేదు, కొనేవారూ మారలేదు. గేటు మాత్రం జరిగింది. చివరికి 1836లో ఫ్రాంక్‌ఫర్ట్ జర్మన్ సుంకాల సమాఖ్యలో చేరింది. వర్తకులు తిరిగి వచ్చారు, ఒఫెన్‌బాఖ్ సంత ఎత్తిపోయింది. రైలు ఆ తరువాత వచ్చింది: 1839లో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హోక్స్ట్‌కు, 1840లో వీస్‌బాడెన్ దాకా.

తోలు పని మాత్రం ఒఫెన్‌బాఖ్‌ను వదలలేదు. 1917లో నెలకొల్పిన తోలు మ్యూజియం అక్కడే ఉంది. ఎస్-బాన్ ఎక్కితే మన ఊరి నడిబొడ్డు నుంచి పావుగంట. పిల్లలతో వెళ్ళినప్పుడు, పాత సరిహద్దు ఎక్కడ దాటామో చెప్పమని అడగండి. నేను తీసుకెళ్ళినవారిలో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.