మూర్ఛరోగం: దోషి కోసం వెతికిన చరిత్ర

మూర్ఛరోగ చరిత్ర వైద్యుల చరిత్ర మాత్రమే కాదు. బిడ్డ కాళ్ళూ చేతులూ కొట్టుకుని స్పృహ తప్పినప్పుడు సమాజం ఎవరిని దోషిగా నిలబెట్టిందన్న చరిత్ర కూడా. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం తొమ్మిది బాలగ్రహాలను పేర్కొంటుంది. వాటిలో ఒకటి స్కందాపస్మారం. క్రీ.పూ. 400 ప్రాంతంలో హిప్పోక్రటీస్ పేరిట వెలువడిన గ్రీకు గ్రంథం మాత్రం ఇది దేవతలు పంపిన రోగం కాదనీ, దీని స్థానం మెదడేననీ వాదించింది. ఆ వాదానికి మెదడులో సాక్ష్యం దొరకడానికి రెండు వేల ఏళ్ళకు పైగా పట్టింది.

1825లో ఫ్రాన్సులో బూషే, కజోవియే అనే వైద్యులు మూర్ఛరోగుల శవాలను పరీక్షించి, కొందరిలో హిప్పోకాంపస్ గట్టిపడి ఉండడం గమనించారు. కణతల లోపలివైపు, టెంపొరల్ లోబ్‌లో ఉండే ఈ భాగం జ్ఞాపకశక్తికి ఆయువుపట్టు. 1888లో ఇంగ్లండులో హ్యూలింగ్స్ జాక్సన్ ఒక విచిత్రమైన మూర్ఛను వర్ణించాడు. రోగి కింద పడిపోడు. ఎప్పుడో జరిగిందే మళ్ళీ జరుగుతున్నట్టు, కలలో ఉన్నట్టు కాసేపు గడుపుతాడు. జాక్సన్ రోగుల్లో ఒకాయన స్వయంగా వైద్యుడు. మూర్ఛలో ఉండగానే ఒక రోగిని పరీక్షించి న్యుమోనియా అని రాశాడు. తర్వాత ఆ సంగతే గుర్తులేదు. ఆయన చనిపోయాక మెదడును పరీక్షిస్తే టెంపొరల్ లోబ్‌లో చిన్న గాయం కనిపించింది.

1950లలో లండన్ మాడ్‌స్లీ ఆస్పత్రిలో ఫాల్కనర్ మందులకు లొంగని రోగులకు టెంపొరల్ లోబ్‌ను కోసి తీసేవాడు. తీసిన భాగాలను పరీక్షిస్తే ఎన్నిట్లోనో హిప్పోకాంపస్ గట్టిపడే ఉంది. ఆ రోగుల బాల్యాన్ని విచారిస్తే, పలువురికి పసితనంలో చాలాసేపు ఫిట్స్ వచ్చినట్టు తేలింది. జ్వరం, ఫిట్స్, మెదడులో మచ్చ, పెద్దయ్యాక రోగం — గీత తిన్నగా ఉన్నట్టే కనిపించింది.

1976లో అమెరికాలో నెల్సన్, ఎలెన్‌బర్గ్ ఈ ప్రశ్ననే తిరగేసి వేశారు. రోగి నుంచి వెనక్కి పోలేదు, బిడ్డ నుంచి ముందుకు నడిచారు. జ్వరంలో ఫిట్స్ వచ్చిన సుమారు 1,700 మంది పిల్లలను ఏడేళ్ళ వయసు దాకా గమనించారు. మూర్ఛరోగం వచ్చింది నూటికి ఇద్దరికే.

ఎవరూ అబద్ధం చెప్పలేదు. తేడా అంతా నిలబడిన చోటులో ఉంది. ఆస్పత్రి గుమ్మంలో నిలబడితే రోగులే కనిపిస్తారు. కోలుకుని వీధిలో ఆడుకుంటున్న పిల్లలు ఆ గుమ్మం తొక్కరు. జ్వరంలో కొద్ది నిమిషాలు వచ్చిపోయే ఫిట్స్ మెదడును దెబ్బతీయవని ఇవాళ తెలుసు. అరగంటకు మించి సాగినప్పుడు కొందరిలో హిప్పోకాంపస్ వాచి, క్రమంగా కుంచించుకుపోవడాన్ని స్కానింగులు చూపించాయి. కొందరిలో పుట్టుకతో వచ్చిన జన్యులోపం జ్వరానికి ముందే ఉంటుంది. కనుక కారణం ఒక్కటి కాదు, దాన్ని మోయవలసిన మనిషీ ఒక్కరు కాదు.

అయినా మనిషి దోషిని వెతుక్కుంటాడు. 1878లో దోస్తయెవ్‌స్కీ కొడుకు అల్యోషా మూడేళ్ళు నిండకుండానే మూర్ఛ వచ్చి చనిపోయాడు. తన రోగమే బిడ్డను బలిగొన్నదని ఆ తండ్రి కుమిలిపోయాడు. తర్వాత రాసిన 'కరమజోవ్ సోదరులు'లో కథానాయకుడికి ఆ బిడ్డ పేరే పెట్టాడు.

ఆయన దుఃఖం నవలైంది. మన దేశంలో ఎందరో స్త్రీల దుఃఖం కోర్టు కాగితాల్లో మిగిలింది. హిందూ వివాహ చట్టానికి 1976లో చేసిన సవరణ మూర్ఛరోగం ఉన్నవారిని పెళ్ళికి అనర్హులని చెప్పింది. ఆ మాటను 1999లో గాని తొలగించలేదు. అల్లోపతి మందులు వాడుతున్న కాలంలోనే చట్టం బాలగ్రహాల కాలంలో ఉంది!

రచయితలు గమనించవలసింది ఇదే. కథలో మలుపు కోసమో, పాపానికి శిక్షగానో పాత్రకు మూర్ఛ తెప్పించడం మనకు తెలియని అలవాటు కాదు. చివర నిలబడి వెనక్కి చూస్తే ప్రతి జీవితమూ తిన్నని గీతలాగే కనిపిస్తుంది. జ్వరంతో కాలిపోతున్న బిడ్డను ఒళ్ళో పెట్టుకుని రాత్రంతా కూర్చున్న తల్లికి ఆ గీత కనపడదు. ఆమె పక్కన నిలబడి రాసినదే వాస్తవికత.