పాత వేట రైఫిళ్ళపై తుప్పు పరిశీలన

పాత వేట రైఫిలుపై తుప్పు పరిశీలన అనగా, చాలాకాలం వాడకుండా ఉంచిన వేట తుపాకి లోహభాగాలకు పట్టిన తుప్పు పైపైన ఉన్నదా, లేక లోహాన్ని తినివేసి గుంటలు చేసినదా అని నిర్ణయించే పని. తుప్పును చిలుము అని కూడా అంటారు. తెలంగాణలో ఉర్దూ ప్రభావం వలన జంగు అనే మాట కూడా వాడుకలో ఉన్నది. తుపాకిని జ్ఞాపికగా ఉంచుకొనవచ్చునా, దానిని పేల్చడం క్షేమమేనా, చట్టం దృష్టిలో అది ఇంకా ఆయుధమేనా అనే మూడు ప్రశ్నలకు జవాబు ఈ పరిశీలనపై ఆధారపడి ఉంటుంది. కంటికి కనిపించే ఎర్రదనం ఈ విషయంలో నమ్మదగిన కొలత కాదు. పైన ఎర్రగా ఉన్న తుపాకి లోపల దృఢంగా ఉండవచ్చును. పైకి నిగనిగలాడే తుపాకి చెక్క చాటున పుచ్చిపోయి ఉండవచ్చును.

నేపథ్యం

ఉత్తర తెలంగాణలోని ఆదిలాబాద్, కరీంనగర్ అడవులు నిజాం కాలంలో వేటకు పేరు పొందినవి. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ (పాలన 1869–1911) పులివేటలో ప్రసిద్ధుడు. సంస్థానంలోని జాగీర్దారులు, దేశ్‌ముఖులు, ఉన్నతోద్యోగులు ఇంగ్లండు నుండి వచ్చిన రైఫిళ్ళను ఉంచుకొనేవారు. స్వాతంత్ర్యానంతరం పశ్చిమ బెంగాలులోని ఈశాపూర్ రైఫిలు కర్మాగారంలో తయారైన 0.315 అంగుళాల రైఫిలు కూడా లైసెన్సుదారులకు దొరికింది. గ్రామాలలో మాత్రం మూతి వైపు నుండి మందు దట్టించే బర్మార్లు ఎక్కువ. 1946–51 నాటి తెలంగాణ సాయుధ పోరాటంలోనూ బర్మార్లు వాడబడినవి.

కవ్వాల్ అడవి 1965లో అభయారణ్యంగా, 2012లో పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించబడింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో జరిగిన సవరణ వలన వినోదం కోసం వేటాడడం దేశమంతటా ముగిసిపోయింది. ఆ తరువాత వేట రైఫిలుకు పని లేకుండా పోయింది. పని లేని ఇనుముకు తుప్పు త్వరగా పడుతుందని వేరే చెప్పనక్కరలేదు.

తుప్పు పట్టడానికి కారణాలు

ఇనుము, నీరు, ప్రాణవాయువు కలిస్తే తుప్పు ఏర్పడుతుంది. గాలిలో సాపేక్ష ఆర్ద్రత సుమారు 60 శాతం దాటినప్పుడు ఈ చర్య వేగం పుంజుకుంటుంది. హుజూరాబాద్ ప్రాంతంలో మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. జూన్ నుండి సెప్టెంబరు వరకు గాలి తేమగా ఉంటుంది. ఎండకు రైఫిలు చెక్క ముడుచుకొని, లోహానికి దానికి మధ్య సన్నని సందు ఏర్పడుతుంది. వానకాలంలో ఆ సందులోకి తేమ చేరి, చెక్క మరల ఉబ్బినప్పుడు అక్కడే చిక్కుకుపోతుంది. గోడకు వేలాడదీసిన తుపాకి పైభాగం బాగుండి, చెక్క కింద దాగిన భాగం పాడవడానికి ఇది ముఖ్య కారణం. తోలు సంచిలో ఉంచిన తుపాకి పరిస్థితి మరీ అన్యాయం. తోలు తేమను పీల్చి పట్టి ఉంచుతుంది. తోలు పదును చేయడానికి వాడిన లవణాలు, ఆమ్లాలు లోహాన్ని తాకుతూ ఉంటాయి.

గొట్టం లోపలి తుప్పుకు వేరొక కారణం కలదు. పాత తూటాల ప్రైమరులో పొటాషియం క్లోరేటు ఉండేది. అది పేలిన తరువాత పొటాషియం క్లోరైడుగా మారి గొట్టం లోపల అంటుకొనేది. ఇది వంట ఉప్పుకు దగ్గరి బంధువు. గాలిలోని తేమను లాగుకొని ఉక్కును తినివేస్తుంది. అది నూనెలో కరగదు, నీటిలో మాత్రమే కరుగుతుంది. అందువలన వేట ముగిసిన తరువాత నూనె గుడ్డతో మాత్రమే తుడిచిన రైఫిళ్ళు శుభ్రంగా కనిపిస్తూనే నూనె పొర కింద తుప్పుపట్టినవి. నాటి సిపాయిలు గొట్టంలో ముందుగా వేడినీళ్ళు పోసి, ఆరబెట్టి, ఆ తరువాతే నూనె రాసేవారు. అమెరికాలో రెమింగ్టన్ సంస్థ 1927లో తుప్పు పట్టించని ప్రైమరును అమ్మకానికి తెచ్చినప్పటికీ, సైన్యాల తూటాలలో పాత రకం మరికొన్ని దశాబ్దాలు కొనసాగింది.

పైతుప్పు, గుంటలు

పైతుప్పు నారింజ రంగులో, పొడిగా, వేలికి అంటుకొనేలా ఉంటుంది. అది కొత్తది. దాని కింద లోహం ఇంకా నునుపుగానే ఉంటుంది. తుపాకికి కర్మాగారంలో ఇచ్చిన నీలి పూత (బ్లూయింగ్) కూడా నిజానికి ఒక రకమైన ఇనుప ఆక్సైడే. అయితే అది మాగ్నటైటు అనే నల్లని, గట్టి రూపం. ఎర్ర తుప్పును మరుగు నీటిలో ఉంచితే నల్లగా మారుతుంది. పాతకాలపు పనివారు గొట్టానికి కావాలని తుప్పు పట్టించి, ఉడికించి, రుద్ది, ఇదే పనిని పలుమార్లు చేసి నీలి పూతను సాధించేవారు. కాబట్టి నల్లగా, గట్టిగా, కదలకుండా ఉన్న మచ్చను చూసి కంగారుపడనవసరం లేదు.

గుంట వేరు. ఉప్పు కణం లేదా చెమట చుక్క పడినచోట తుప్పు లోపలికి తొలుచుకొని పోతుంది. గుంట అడుగున ప్రాణవాయువు తక్కువగా, క్లోరైడు, ఆమ్లత ఎక్కువగా ఉండడం వలన పైన నూనె రాసినా లోపల చర్య సాగుతూనే ఉంటుంది. తుప్పు తాను తిన్న ఇనుముకంటె కొన్ని రెట్లు ఎక్కువ చోటును ఆక్రమిస్తుంది. అందువలన దళసరి పెచ్చు కట్టినచోట గుంట అంత లోతుగా ఉండకపోవచ్చును. సూదిమొనంత నల్లచుక్క కింద లోతైన గుంట ఉండవచ్చును. పెచ్చు తొలగించనిదే లోతు తెలియదు.

పరిశీలన విధానం

అన్నిటికంటె ముందు తుపాకి ఖాళీగా ఉన్నదని నిర్ధారించుకొనవలెను. బోల్టు తెరిచి, ఛాంబరును కంటితో చూసి, వేలితో తడిమి తెలుసుకొనవలెను. బోల్టు తుప్పుతో బిగుసుకొని తెరుచుకొనకపోతే అది నిండి ఉన్నదనే భావించి, మూతిని మనుషుల వైపు తిప్పకుండా, లైసెన్సు గల మరమ్మతుదారుకు అప్పగించవలెను. బర్మార్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. తాతల కాలంలో దట్టించిన మందు పొడిగా ఉన్నంతకాలం పేలే గుణాన్ని కోల్పోదు. సన్నని కర్రను మూతి నుండి చివరి వరకు దించి గుర్తు పెట్టి, అదే కర్రను గొట్టం పక్కన ఆనించి కొలిస్తే, లోపల ఏదైనా మిగిలి ఉన్నదా లేదా అన్నది తెలిసిపోతుంది.

తరువాత చెక్కను గొట్టం నుండి వేరుచేయవలెను. సరిపోయే మొన గల స్క్రూడ్రైవరు లేనిదే ఈ పనికి పూనుకొనరాదు. మరల తల చెడితే చెక్క చీలుతుంది. చెక్క అంచుకు దిగువన, గొట్టం పొడవునా గీత గీసినట్లు గుంటల వరుస ఉండడం పాత రైఫిళ్ళలో తరచుగా కనిపిస్తుంది. పై భాగాన్ని మాత్రమే చూసి వెల కట్టేవారు మోసపోయేది ఇక్కడే.

గొట్టం లోపలి భాగాన్ని శుభ్రపరచకుండా చూడడం వలన ప్రయోజనం లేదు. పాత గ్రీజు గుంటలను కప్పివేస్తుంది. రాగి, సీసం పొరలు కూడా అంతే. మురికి మాత్రం గుంటవలె భ్రమింపజేస్తుంది. కంచు తీగల బ్రష్షు, ద్రావకం, గుడ్డపేలికలతో తుడిచిన తరువాత, వెనుకవైపు తెల్లకాగితంపై వెలుతురు పడేలా పెట్టి మూతి నుండి చూడవలెను. బిగువైన పేలికను నెమ్మదిగా తోస్తున్నప్పుడు ఒకచోట చేతికి గరుకుగా తగిలితే ఆ దూరాన్ని గుర్తించుకొనవలెను. పేలిక ఎర్రగోధుమ రంగులో వస్తున్నంతవరకు తుప్పు ఇంకా ఉన్నట్లే. లోపలి వెలుగులో ఉంగరంవంటి నల్లని నీడ కనిపిస్తే అది తుప్పు కాదు, గొట్టం ఒకప్పుడు ఉబ్బినదని గుర్తు. అటువంటి తుపాకిని పేల్చరాదు. ఛాంబరుకు ముందు, రైఫ్లింగు గాడులు మొదలయ్యేచోట ఎండిన చెరువు నేలవలె నెర్రెలు కనిపిస్తే అవి మందు వేడికి వచ్చిన అరుగుదల. దానినీ తుప్పునూ కలిపి చూడరాదు.

గుంట ఎక్కడున్నది అన్నది దాని లోతుకంటె ముఖ్యం. గొట్టం నడుమ లోపల ఉన్న సన్నని గుంటలు రాగిని పట్టి ఉంచి శుభ్రపరచడాన్ని కష్టం చేస్తాయి గాని, గురిని ఎప్పుడూ చెడగొట్టవు అనుకొన్నా, చెడగొడతాయి అనుకొన్నా పొరపాటే. అటువంటి గొట్టాలతో చక్కగా గురి కుదిరినవి ఉన్నాయి. మూతి అంచున ఉన్న చిన్న గుంట మాత్రం గుండు వెలువడే క్షణంలో వాయువును ఒకవైపుకు వదిలి గురిని తప్పిస్తుంది. ఛాంబరులో గుంటలుంటే పేలినప్పుడు తూటా ఇత్తడి గొట్టం వాటిలోకి ఒత్తుకొని బయటకు రాకుండా పట్టుకుంటుంది. రైఫిలు తూటా పేలినప్పుడు ఛాంబరులో పీడనం వాతావరణ పీడనానికి మూడు నాలుగువేల రెట్లు ఉంటుంది. ఆ బరువు మోసే బోల్టు పళ్ళు, అవి కూర్చునే గాడులలో గుంటలుంటే సందేహించక ఆ రైఫిలును పక్కన పెట్టవలెను. ఫైరింగ్ పిన్ను కొన గరుకుబారితే ప్రైమరుకు చిల్లుపడి వేడి వాయువు కంటివైపు రావచ్చును. తుప్పుపట్టిన స్ప్రింగు విరిగేదాకా ఏమీ తెలియనివ్వదు. ట్రిగ్గరు, సేఫ్టీ పనిచేస్తున్నట్లు పైకి కనిపించినా వాటిని విప్పి చూడడం ఇందుకే.

లోతును డయలు గేజి సూదితో కొలుస్తారు. అది లేనిచోట గోరు ఒక ఉపాయం. గోరు గుంట మీదుగా జారిపోతే అది నిస్సారం, తట్టుకొని ఆగితే లోతుగా ఉన్నట్లు. మామూలు కాగితం మందం మిల్లీమీటరులో పదోవంతు అన్న లెక్క పోల్చుకొనడానికి పనికివస్తుంది. ఇవి తొలి అంచనాకే గాని పేల్చడానికి అనుమతి కావు.

జోడుగొట్టాల రైఫిలు అయితే గొట్టాలను వేరుచేసి కొక్కెం వద్ద వేలాడదీసి మెల్లగా తట్టవలెను. గంటవలె మోగితే అతుకులు గట్టిగా ఉన్నట్లు. బొంగురుగా వినిపిస్తే గొట్టాలను కలిపే పట్టీ ఊడి, దాని కింద తుప్పు చేరి ఉండవచ్చును.

దమాస్కస్ గొట్టాలు

పాత తుపాకులలో కొన్నిటి గొట్టాలపై అలలవంటి చారలు కనిపిస్తాయి. నిర్మల్ ప్రాంతం, కోనసముద్రం గ్రామం మూసలలో కరిగించి చేసిన ఉక్కుకు ప్రసిద్ధి. ఆ ఉక్కు పర్షియా వరకు వెళ్ళింది. అందువలన ఈ చారల గొట్టాలు కూడా ఆ ఉక్కువేనని అనుకొనడం కద్దు. అది సరికాదు. దమాస్కస్ గొట్టం ఇనుప, ఉక్కు పట్టీలను మెలిపెట్టి, చుట్టి, అతికి చేసినది. తుప్పు ఆ అతుకుల వెంబడి లోపలికి పాకుతుంది, బయటినుండి దాని జాడ తెలియదు. ఇవి నల్లమందు కోసం చేసినవి. ఇటువంటి గొట్టంలో ఏ కొద్ది గుంటలున్నా నేటి పొగలేని మందు తూటాలను పేల్చరాదు.

తుప్పు తొలగించడం

తుప్పు అనగానే ఉప్పుకాగితం అందుకొనడం ఇంటింటా కనిపించే పొరపాటు. దానితో తుప్పుతోపాటు నీలి పూత, అక్షరాల అంచులు కూడా పోతాయి. పలుచని నూనె రాసి ఒకటి రెండు రోజులు నాననిచ్చి, అతి మెత్తని ఉక్కు ఊలుతో ఒత్తిడి లేకుండా రుద్దితే పైతుప్పు మాత్రమే వస్తుంది. కొబ్బరినూనె, అవిసెనూనె వంటివి కొంతకాలానికి బంకగా మారి యంత్రాన్ని బిగిస్తాయి. కిరోసిన్ శుభ్రపరుస్తుంది గాని త్వరగా ఆవిరై రక్షణ ఇవ్వదు. కుట్టుమిషను నూనె వీటన్నిటికంటె మేలు. గుంటలు పోయేదాకా గొట్టాన్ని అరగదీయడం వలన గోడ పలుచబడుతుంది. జోడుగొట్టాల తుపాకికి వేడి క్షార ద్రావణంలో నీలి పూత వేయిస్తే పట్టీలను పట్టి ఉంచిన తగరపు అతుకులు కరిగిపోతాయి. ప్రదర్శనశాలలలో చర్యను ఆపి, స్థిరపడిన నల్లని పొరను అలాగే వదిలివేయడమే పద్ధతి.

చట్టం

తుప్పుపట్టిన తుపాకి తుపాకి కాదు, పాత ఇనుము మాత్రమే అన్న అభిప్రాయం పల్లెలలో ఉన్నది. 1959 నాటి ఆయుధాల చట్టం 45వ సెక్షను కాలం చెల్లిన, పురాతన విలువ గల లేదా పాడైపోయిన ఆయుధాలకు మినహాయింపు ఇస్తుంది. అయితే మరమ్మతు చేసినా, చేయకున్నా తుపాకిగా వాడడానికి వీలులేనిదై ఉండవలెనని షరతు పెడుతుంది. బోల్టు బిగుసుకొన్నంతమాత్రాన, గొట్టం ఎర్రబడినంతమాత్రాన ఆ షరతు నెరవేరదు. నూనెతో తిరిగి కదిలే తుపాకి చట్టం దృష్టిలో తుపాకియే. ఈ నిర్ణయం యజమాని చేతిలో ఉండదు.

లైసెన్సుదారు మరణించినప్పుడు వారసులు ఆ తుపాకిని పోలీసు ఠాణాలో లేదా లైసెన్సు గల వ్యాపారి వద్ద జమచేసి, తమ పేర లైసెన్సుకు దరఖాస్తు చేసుకొనవలెను. 2019 సవరణ తరువాత ఒక వ్యక్తి సాధారణంగా రెండు తుపాకులకంటె ఎక్కువ ఉంచుకొనరాదు. అటక మీద మూడవది ఉన్న కుటుంబానికి తుప్పు పరిశీలన ఏది ఉంచుకొనాలో తేల్చుకొనే మార్గమవుతుంది. జమచేసే సమయంలో తుప్పు, గుంటల స్థితిని రాసి రసీదుకు జతపరచుకొనడం మంచిది. మరమ్మతు కూడా లైసెన్సు ఉన్నవారే చేయవలెను. గొట్టాన్ని కోసి పొట్టిచేయడం నేరం. క్రమసంఖ్య, తయారీ గుర్తులను చెరిపివేయడాన్ని 8వ సెక్షను నిషేధిస్తుంది. తుప్పు రుద్దే తొందరలో ఆ సంఖ్య అరిగిపోతే తుపాకికి, లైసెన్సుకు పొంతన పోతుంది. అందువలన రుద్దడం మొదలుపెట్టడానికి ముందే సంఖ్య ఉన్నచోటును వెదకి, స్పష్టంగా ఛాయాచిత్రం తీసి, ఆ భాగాన్ని నూనె గుడ్డతో తప్ప మరి దేనితోనూ తాకకుండా ఉంచవలెను.